కొమ్ముదీర్ఘం

గోనెసంచిలో చుట్టి తెచ్చాడు ఎల్లాజీ
రెండు ముక్కలైన ఇరుసు.
ఫిషింగ్ హార్బర్ నుంచి కొండ మీది మా ల్యాబు దాకా
ఆటోలో ఒళ్లో పెట్టుకుని.
"దరికి ఇరవై మైళ్లుందనగా ఇరిగిపోనాదమ్మా.
పక్క బోటోడు తాడేసి లాక్కొచ్చినాడు.
ఇనుము మంచిది కాదేటో సూడు."

ఇనుము మంచిదే.
వేలెడు కడ్డీ కోసి సాగదీశాను.
నడుము సన్నబడింది, మెడ దిగింది,
విరగాల్సిన బరువు దగ్గరే టప్పున విరిగింది.
గట్టిదనం సరిపోయింది. కర్బనం సరిపోయింది.
దుకాణంవాణ్ని తిట్టే దారి మూసుకుపోయింది.

ముక్క మొహాన్ని దీపం కింద వాల్చి పెడితే
కెరటం వెనక్కి జారుతూ ఇసుకలో వదిలిన గీతలు
వంపు వెనక వంపు.
పొద్దున్నే బీచ్‌ రోడ్డు నడకవాళ్లు తొక్కేసుకుపోయేవి అవే;
నాకు వాటిని లెక్కపెట్టినందుకు జీతం.
ఇంజను ఆగినప్పుడు పగులూ ఆగింది,
బోటు కదిలితే తనూ కదిలింది.
ఒక గీత మాత్రం ముదురు రంగు, తుప్పు వాసన:
వేట నిషేధం రెండు నెలలూ
ఒడ్డున పడుకున్న గుర్తు.

కంప్యూటరు ముందే జోస్యం చెప్పి కూర్చుంది.
ఇరుసుని రెండు లక్షల తునకలు చేసి,
బరువేసి, తిప్పి,
కీ గాడి మూల మీద ఎర్రగా వేలు పెట్టింది.
పగులు అక్కడ పుట్టలేదు.
జానెడు ఇవతల,
తెర మీద నీలంగా, నిశ్చింతగా ఉన్నచోట పుట్టింది.

సూక్ష్మదర్శిని కింద మొదట గీత అనుకున్నాను.
కాస్త తిప్పితే అక్షరం.
"ఇదేమిటి ఎల్లాజీ?"
"మా పాప పేరమ్మా, నూకరత్నం.
లేతు కాడ ఇరుసులు మారిపోతన్నాయని
ఉలెట్టి సెక్కినాను. మొదటచ్చరమే."

నూ.
కొమ్ముదీర్ఘం చివర,
ఉలి ఆఖరి దెబ్బ కాస్త లోతుగా దిగినచోట,
వంపులన్నీ అటే తిరిగి ఉన్నాయి.

ఆ రాత్రి నా బొమ్మలోనూ చెక్కాను దాన్ని,
తెలుగు రాని సాఫ్ట్‌వేర్‌లో
చుక్క చుక్క కలుపుకుంటూ, పలక పట్టిన పిల్లలా.
మూలలో త్రిభుజాలు చిన్నవి చేస్తే ఒత్తిడి పెరిగింది.
ఇంకా చిన్నవి చేస్తే ఇంకా పెరిగింది.
ఎక్కడా నిలబడి ఇదీ నా విలువ అనలేదు.
పదును మూలకి లెక్కలో అంతు లేదు.
అంతు చూడాలంటే ఇనుమే కావాలి.

ఆరు కడ్డీలు తయారుచేసి ఎల్లాజీని మళ్లీ పిలిచాను.
"ఆ పేరొద్దమ్మా, ఇంకేదేనా సెక్కుతాను."
అదే కావాలన్నాను. అదే చెయ్యి, అదే ఉలి.
మొదటిదాని మీద సుత్తి తేలిపోయింది.
గట్టిగా కొట్టమన్నాను.
కొట్టాడు, నావైపు చూడకుండా.

సెకనుకి యాభై చుట్లు, రాత్రీ పగలూ.
యంత్రం పక్క మడతమంచం వేసుకున్న అప్పలకొండ
మోత మారగానే నిద్రలో లేచేవాడు.
నాలుగు లక్షలకి ఒకటి, అయిదుకి రెండు,
ఏడు లక్షల చిల్లరకి ఇంకో రెండు.
అక్షరం లేని కడ్డీలు కోటి దాటినా
ఏమీ ఎరగనట్టు తిరిగాయి.

నివేదికలో రాశాను:
ఉపరితలపు గుర్తు వద్ద మొదలైన అలసట.
ఎవరి పేరూ రాయలేదు.

"మరి పేరెక్కడెట్టమంతావు?"
"చివరి పళ్లెం అంచు మీద. బరువు పడని చోట."
ఖాళీ గోనెసంచి మడుచుకుంటూ నవ్వాడు.
"బరువు పడని సోట పేరెందుకమ్మా."

గుమ్మం దాకా వెళ్లి
పాత ముక్క ఇచ్చేయమన్నాడు, అక్షరం ఉన్నది.
సాక్ష్యం కదా, ఇవ్వకూడదు.
ఇచ్చేశాను.

లోపల ఒక కడ్డీ ఇంకా తిరుగుతోంది,
సుత్తి తేలిపోయిన ఆ మొదటిది.
పదహారు లక్షల నలభై వేలు.
ఎన్నింటికి విరుగుతుందో
నా దగ్గర సూత్రం ఉంది, నమ్మకం లేదు.
అప్పలకొండ టీ తెచ్చాడు.
చల్లారేదాకా ఇద్దరం మోత విన్నాం.