నడుము ముందు

సిరొంచలో, కలప డిపో వెనక
వాన వెలిసిన చదునులో
నాలుగు గోనెసంచులు మా బేసులు.
బంతులు మూడు. బ్యాటు ఒకటే,
చంద్రపూర్ నుంచి బస్సు టాపు మీద వచ్చింది.

ఎనిమిదేళ్లు నేను పిల్లలకు చెప్పిందొకటే:
"చేతులు! చేతులు గట్టిగా!"
ఎనిమిదేళ్లూ బంతులు
పిచ్చర్ కాళ్ల దగ్గరే చచ్చి పడ్డాయి.

కొండగొర్ల సారక్కకు పదమూడేళ్లు.
మణికట్టు నా రెండు వేళ్ల మందం.
గడ్చిరోలి నుంచి వచ్చిన కోచ్ మేడమ్
"కంబర్ ఫిరవ్, కంబర్!" అని అరిచి
మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది.
"కంబర్ అంటే నడుమే కద సార్," అన్నదీ పిల్ల,
"మా బాపు మామ వల ఇసిరినట్టా?"

అవునో కాదో నాకు తెలియదు.
తెల్లారి ప్రాణహిత ఒడ్డుకు పోయాను,
ఒక చేత ఫోను, ఒక చేత చెప్పులు.

దుర్గం బాపు మోకాలి లోతు నీళ్లలో
వల అంచు పళ్ల మధ్య కరిచి
ఒళ్లు వెనక్కి మెలిపెట్టాడు.
భుజాలింకా వెనకే ఉన్నాయి,
నడుము అప్పటికే బయల్దేరిపోయింది.
ఆ రెంటి నడుమ
తడిబట్ట పిండినట్టొక మెలిక
వీపు మీద పాకింది.

తర్వాతది కన్ను పట్టలేదు.
ఫోన్లో మెల్లగా తిప్పి చూశాను, పదకొండుసార్లు.
ముందుకాలి మడమ బురదలో దిగి మేకయింది.
మడమ ఆగింది, నడుము తిరిగింది.
నడుము ఆగింది, రొమ్ము తిరిగింది.
రొమ్ము ఆగితే మోచేయి,
మోచేయి ఆగితే మణికట్టు.
ఒక్కొక్కటీ ఆగుతూ
తన పరుగు పక్కదాని చేతిలో పెట్టి తప్పుకుంది.
చిట్టచివర, సొంత బలమేదీ లేని దారానికి
అందరి బలమూ అందింది.
సీసపు గుండ్లు నీటి మీద గుండ్రంగా విచ్చుకున్నాయి.

ఇన్నేళ్లూ ఉరకమన్నాను.
ఆగడం నేర్పలేదు.

"గంతగనం ఏం జూస్తవ్ సారూ," అన్నాడు బాపు.
"చేతులతోని ఇసిరితే
భుజం పోతది, చేపా రాదు."

ఆ సాయంత్రం
సారక్క మడమ కింద తడిమట్టి పోశాను.
మోచేయి ఒంటికి దగ్గరుంచమన్నాను,
దూరం జరిగితే ఆ బ్యాటే బరువెక్కుతుంది.
మొదటి నలభై గాలికే పోయాయి.
నడుము మరీ తొందరపడి పోతే
చేతులు బస్సు తప్పిన చుట్టాల్లా మిగిలిపోయాయి.

నలభై ఒకటో, రెండో, లెక్క తప్పాను,
మట్టి 'తప్'మంది.
బ్యాటు కొస కనబడలేదు,
ఈల మాత్రం వినబడింది.

బంతి డిపో గోడ దాటి
టేకు దుంగల మీద ఒకసారి ఎగిరి
ఎటు పోయిందో.
వాచ్‌మన్ మరాఠీలో తిడుతున్నాడు.
సారక్క తన నడుము మీద చెయ్యి వేసుకుని
అదెవరిదో అన్నట్టు చూసుకుంటోంది.

బంతులు ఇక రెండు.
"మళ్లీ," అన్నాను.