కందిగింజంత

మధ్యాహ్నం రెండుంబావు. యాకుత్‌పురా దాటి
ఉప్పుగూడ వైపు తిరిగే వంపులో
పట్టాకు థర్మామీటరు అంటించాను.
గాలి నలభై రెండు.
ఇనుము అరవై ఒకటి.

ఉద్యోగంలో చేరి పదకొండు రోజులు.
చదువుకున్న లెక్క ఇంకా నోటిమీదే ఉంది:
మీటరు ఇనుముకి, ఒక్కో డిగ్రీకి,
మిల్లీమీటరులో వందోవంతు, ఆపైన కాస్త.
పదమూడు మీటర్ల పట్టా
తెల్లారినప్పటి నుంచి ముప్ఫై డిగ్రీలు ఎక్కింది కనక
నాలుగున్నర మిల్లీమీటర్లు సాగి ఉంటుందన్నాను.

ఈదమ్మ సుత్తి కింద పెట్టింది.
"అంటే కందిగింజంత.
పొద్దుగాల ఈ సందుల నా గోరు వట్టింది సారూ.
ఇప్పుడు కాయితం గూడ వట్టది."

సుత్తి అందుకోబోయి తల మీద చెయ్యి వేశాను.
చురుక్కుమంది.
కర్ర మాత్రం ఏమీ అనలేదు.
రెండూ ఒకే ఎండలో పడున్నాయి, రెండిటి వేడీ ఒకటే,
ఇనుము తనలోది గబగబా చేతికి ఇచ్చేస్తుంది,
కర్ర ఇవ్వదు, అంతే తేడా
అని చెప్పాను, వేళ్లు ఊదుకుంటూ.

ఆమె నవ్వింది.
"మా ఆడబిడ్డ ఇనుము.
ఉన్నదంత ఒక్కపారే మీద వోస్తది.
మా ఆయన కర్ర.
లోపల కాలుతున్నా ముట్టుకుంటె తెల్వది."

మూసీ వైపు నుంచి గాలి ఒకసారి వచ్చి
మా మెడల మీది వేడిని కొంచెం ఎత్తుకుపోయింది,
బదులుగా మురుగు వాసన ఇచ్చింది.
కింద కంకర కాలుతోంది.
పైనున్న సూర్యుడికీ ఈ పట్టాకీ మధ్య
ఏ వంతెనా లేదు, ఏ తీగా లేదు.
అయినా అంత దూరం దాటి వచ్చి కూర్చుంది వేడి.

నడుస్తూ నడుస్తూ ఈదమ్మ గొంతుకూర్చుంది.
ఒక కన్ను మూసి పట్టా వెంట చూసింది.
నాకు ఎండమావి తప్ప ఏమీ కనపడలేదు.
"వంగింది" అంది.
ఎంత? ఎక్కడ?
జవాబు లేదు. ఎర్రజెండా విప్పి
చెప్పులు టపటపలాడిస్తూ పరుగెత్తుతోంది అప్పటికే.

లోకల్ రెండు స్తంభాల దూరంలో ఆగింది.
కిటికీల్లోంచి తలలు, తలల్లోంచి తిట్లు.
ముంజలమ్మే కుర్రాడు దిగి, నీడ చూసుకుని
అక్కడే దుకాణం పెట్టేశాడు.
బస్తీ ఆడవాళ్లు బిందెలు తెచ్చారు.
పట్టా మీద నీళ్లు పోస్తే చుయ్యిమంటుందనుకున్నాను.
అరవై ఒకటికి చుయ్యిమనదు.
ఊరికే నల్లబడి, చూస్తుండగానే ఆరిపోతుంది.
పదహారు బిందెలు, నాలుగు గోనెసంచులు.
దారం పట్టి కొలిచాను.
వేలెడు వంపు. నిజంగానే వేలెడు.

రైలు నడిచేవాడి కన్నా మెల్లగా వెళ్లిపోయింది.

సాయంత్రం నివేదికలో
కారణం దగ్గర ఉష్ణోగ్రత అని రాశాను.
గమనించినవారు అన్నచోట నా పేరు అచ్చయి వచ్చింది.
కొట్టేసి, ఆమె పేరు రాశాను.
పై అధికారి అక్షరాలు దిద్దాడు, మనిషిని అడగలేదు.

ఏడున్నరకి పట్టాలు చల్లబడుతున్నాయి.
సందు మళ్లీ తెరుచుకుంటోంది.
ఈదమ్మ గోరు పెట్టి చూసి, సద్దిగిన్నె సర్దుకుంది.

"రాత్రిపూట మా ఇంటి రేకులు టక్కు టక్కుమంటయి సారూ.
పైన ఎవరో నడుస్తున్నరని పోరగాండ్లు భయపడతరు.
ఎవ్వలు లేరు, పండుకోండ్రి,
ఇల్లు సల్లవడుతున్నది అని చెప్త."