బల్ల కింది అంకె

అమ్మతో తొంభై వేల పెసోలన్నాను.
పూర్తి అబద్ధమేం కాదు.
చివరి అయిదు అంకెలూ నిజమే.

నాకు ముప్పై ఎనిమిదేళ్ళు.
వల్పరైసో రేవులో రాత్రి పని,
ఓడ దిగిన ప్రతి కంటైనరు నంబరూ చూసి రాసుకోవడం.
తెల్లారాక రెండు వందల పన్నెండు మెట్లెక్కి
పుట్టిన గదిలోనే పడుకోవడం.
ఒంటి గది ఫ్లాటు అడ్వాన్సుకని నాలుగేళ్ళు కూడబెట్టాను.
నేను ఒక మెట్టెక్కితే అద్దె రెండెక్కేది.
ఓ రోజు ఆయాసమొచ్చి ఆగిపోయాను.
ఆగింది దోన్ ఫెర్మిన్ వడ్రంగం కొట్టు ముందు.

రౌలీ కలప బల్ల.
ఎనిమిది మందికి.
మా ఇంట్లో ఉన్నది ముగ్గురం.
మరిగిన టీ రంగు. అంచు మీద చెయ్యేస్తే
చెయ్యి వెనక్కి రానంది.
ఎవరి పెళ్ళికో చేయించుకున్నారట, పెళ్ళి ఆగిపోయిందట,
ఏడాదిగా దుప్పటి కప్పుకుని మూల నిలబడి ఉంది.
బేరమాడలేదు.
నేను! టమాటాల దగ్గర కూడా బేరమాడేదాన్ని.

కొండ లిఫ్టులో పట్టలేదు.
ఇద్దరు కుర్రాళ్ళు తిరగేసి నెత్తినెత్తుకున్నారు.
నాలుగు కాళ్ళూ ఆకాశానికి చాపి
వెల్లకిలా ఊరేగింది మెట్ల మీద.
వెనక వీధికుక్కలు, కుక్కల వెనక నేను.
"యస్నా, పెళ్ళా?" అని పైకిటికీలోంచి ఎవరో.
"కాదండీ, బల్ల."
అప్పుడే జాకెట్టు విప్పి దాని పొట్ట మీద కప్పాను.
చలి వేస్తున్నా సరే.
అక్కడ దోన్ ఫెర్మిన్ సుద్దముక్కతో
ధర రాసి ఉంచాడు మరి.

తలుపు ఊడదీస్తే గానీ గదిలోకి రాలేదు.
వచ్చాక మంచానికి చోటు లేదు.
మంచం తీసేశాను.
పరుపు బల్ల కిందికి తోసి అక్కడే పడుకుంటున్నాను.
"కుర్చీలేవే? కూర్చునే ఎనిమిది మందేరే?" అమ్మ.
నాన్న ఏమీ అనలేదు. గుమ్మంలో నిలబడి
కణుపుల మీద వేలితో కొట్టి, విని, వెళ్ళిపోయాడు.

ఈ ఇంట్లో చదునుగా ఉన్న ప్రతి చోటా ఏదో ఒకటి ఉంటుంది.
టీవీ మీద లేసు గుడ్డ, గుడ్డ మీద మాతృమూర్తి మరియ,
ఆమె పాదాల దగ్గర నాన్న బీపీ మాత్రలు.
నా బల్ల మీద మాత్రం ఏమీ పెట్టను.
రెండున్నర మీటర్ల ఖాళీ.
పొద్దున పూట దాని మీద ఎండ పడుకుంటుంది,
దాని కింద నేను,
ముక్కుకి జానెడు పైన ఆ అంకె.
తుడిచేయొచ్చు. తుడవలేదు.
నా నాలుగేళ్ళూ రాసి ఉన్నది అదొక్కచోటే.

ఆగస్టులో ఒక సెలవు రాత్రి భూమి కదిలింది.
ముందు గ్లాసులు, తర్వాత కిటికీలు, తర్వాత ఎముకలు.
మేజోళ్ళతోనే పరిగెత్తుకొచ్చి
నాన్న బల్ల కింద నా పక్కన దూరాడు, చేతిలో టార్చి.
ముప్పయ్యేళ్ళు ఓడల పొట్టల మీద
నీటి లోతు అంకెలు దిద్దిన మనిషి.
ఆయన వెలుతురు ఎక్కడికి పోతుంది?

చదివాడు.
భూమి ఆగేదాకా చదువుతూనే ఉన్నాడు.

అమ్మ ద్వారబంధం పట్టుకుని అరుస్తోంది:
"బయటికి రండి! తొంభై వేల బల్ల
ఇంటి కప్పును ఆపుతుందా?"

"ఆపుతుంది నేలిదా," అన్నాడు నాన్న.
"చాలా గట్టిది."

పొద్దున్న కళ్ళు తెరిచేసరికి
అంకె మొదట్లో ఉన్న రెండు ఒకట్లూ లేవు.
వాటి చోట తడి ఆరిన మరక,
బొటనవేలంత.
మిగతాది చెక్కుచెదరలేదు.

అమ్మ మాత్రం ఇంకా కుర్చీల ధరలు వాకబు చేస్తూనే ఉంది.
అంత చవగ్గా ఎక్కడా దొరకట్లేదని
నా మీద విసుక్కుంటోంది.