పల్లిగాడు తినేదాక

మామునూరు నుంచి ఆటోల తెచ్చినం.
ఒళ్లో అట్టపెట్టె, పెట్టెల పాత తువ్వాల,
తువ్వాల మడతల పల్లిగాడు.
గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవరు అద్దంల చూసి
"గుడ్లా అక్కా?" అన్నడు.
"కాదు తమ్మీ, ఆపరేషనైన మొగపిల్లగాడు" అన్న.
ఇగ కొత్తవాడ దాక ఒక్క మాట మాట్లాడలే.

డాక్టరమ్మ చెప్పిందంత మా శ్రీజన్య
నోటుబుక్కుల రాసుకున్నది:
పొట్టు పరవొద్దు, కుట్లకు గుచ్చుకుంటది.
తెల్లబట్టే పరవాలె, మరక పడితే కనవడాలె.
రెండు గంటలకోసారి సిరంజితోని మెత్తటి మేత,
చెంప పక్క నుంచి, గొంతుల పొయ్యొద్దు.
ఇది ఉపాసముండే జీవి కాదు.
ఒక్క పూట పేగు ఆగిందా,
మళ్ల కదలదు.

పక్కింటి కౌసల్య గోడ మీంది నుంచి
"గినీ పిగ్గో ఏందో, ఎలుకకు ఆపరేషనేందే" అని నవ్వింది.
నేనూ నవ్విన. ఏం చెప్తం.
వెనక గదిల రవ్వ ఉన్నది. దానికి పోయినేడు మూడు పిల్లలు.
ఒకటి నా అరచేతిలనే సల్లబడ్డది.

నేను ఎనుమాముల యార్డుల కాంటా కాడ పనిచేస్త.
మిర్చి సీజన్ల తుమ్ము తెప్పియ్యని చీర లేదు నాకు.
ఇంటికొచ్చి తల మీంచి పోసుకొని, చీర మార్చి,
గోర్ల సందులు నిమ్మచెక్కతోని రుద్దుకొని
అప్పుడు ముట్టుకుంట వాణ్ణి.
వంటింటి కాంటా మీద స్టీలు గిన్నె, గిన్నెల వాడు.
మొదటి రోజు తొమ్మిది వందల నలభై.
రెండో రోజు తొమ్మిది వందల పది.
యార్డుల ముప్పై గ్రాములు గాలికి పోతయి,
ఎవ్వడు అడగడు.

రాత్రి రెండింటికి
కాజీపేట దిక్కుకెల్లి గూడ్సుబండి కూత.
వాడు మూలకు ముడుచుకొని, బొచ్చు నిక్కబొడుచుకొని
సిరంజి ఆనిస్తే మొకం తిప్పుకున్నడు.
ఒళ్లోకి తీసుకుంటే గుండె
కుట్టుమిషన్ లెక్క కొట్టుకుంటున్నది.
"నొప్పైతుందారా?" అని అడిగిన.
ఆ మాట బయటికొచ్చినాక
నా చెవులకే కొత్తగ వినవడ్డది.

పరకాల క్యాంపుల ముప్పై ఒక్కమందిమి.
కింద చాపలు. చేతి మీద పెన్నుతోని నెంబర్లు.
పక్క చాప మీద ఆత్మకూరు ఆమె,
పేరు తెల్వది, మత్తుల నా వేలు పట్టుకున్నది,
నేను విడిపించుకోలే.
పొద్దుమీకి జీపుల ఇల్లు.
ఆరోనాడు మళ్ల నీళ్ల బిందె.
సారంగపాణి మంచోడే.
మొగోళ్లు చేయించుకుంటే నడుము పోతదని
ఎవరో చెప్పిన్రు, నమ్మిండు.
నేను గూడ నమ్మిన.

ఇప్పుడు అదే సారంగపాణి అలారం పెట్టుకొని లేచి
వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి
పల్లిగాని పక్కన అటు జరిపి ఇటు జరిపి
"మరీ కాలుతున్నదా, జర చూడు" అంటున్నడు.
ఆయన చేతుల దిక్కే చూసిన.
ఏమనలే.

మూడోనాడు మబ్బుల
కొత్తిమీర కవరు విప్పుతుంటే
ఆ చప్పుడుకు సన్నగ ఒక కూత.
ఒక కాడ గుంజుకున్నడు. ఆగిండు.
ఇంకోటి.
కాసేపటికి తెల్లబట్ట మీద
వడ్లగింజలంత, నల్లగ.
"బిడ్డా, లేవే, ఏరిగిండే!" అని ఇల్లంత లేపిన.
శ్రీజన్య కండ్లు నలుసుకుంట
తారీఖు వేసి రాసింది: ఆరు.
సారంగపాణి వంగి మళ్ల లెక్కబెట్టి
"ఏడు" అన్నడు.

కుట్లు ఎండుతున్నయి.
ఆరు వారాలు రవ్వ కాడికి పోనియ్యొద్దు,
లోపల ఇంకా మిగిలుంటదట.
జాలీకి అవతల అది, ఇవతల వీడు,
ముక్కులు ఆనించుకొని కూసుంటున్నరు.

పొద్దుగాల తొమ్మిది వందల పదిహేను.
డ్యూటీకి ఆలస్యమైంది.
యార్డుల బస్తా ఎక్కిచ్చినాక
అంకె ఆగేదాక ఊపిరి బిగవట్టి నిలవడ్డ.
ఆగినాక గూడ నిలవడ్డ.
"ఇగ దించుదునా అక్కా?"
అన్నడు హమాలీ.