పాతాళానికి పంపు

చీమకుర్తిలో మూతబడ్డ గుంట అది.
మూడొందల అడుగుల లోతు, అడుగున పాకుడు నీళ్లు.
నీళ్లు తోడితే పాతాళం దొరుకుద్దని
హైదరాబాదు నించి సినిమావాళ్లొచ్చారు.
ఇరవై రెండు రాత్రులు, మూడు పంపులు,
డీజిలు వాళ్లది, నిద్ర నాది.

ఎట్టాటి సినిమా అమ్మా అనడిగా
అట్టలు మోసుకు తిరిగే పిల్లని. లోహిత దాని పేరు.
"ఎపిక్ ఫాంటసీ పెద్దాయనా" అంది.
జానపదమేగా అన్నా.
కాదంది. కాసేపాగి, కొంచెం అవునంది.
కత్తి, గుర్రం, మాయ అన్నీ ఉంటాయంట,
కాకపోతే ముందొక దేశం పుట్టాలంట.
దానికో పటం, పటంలో నదులు,
నదులకి పేర్లు, ఆ పేర్లకో భాష,
ఆ భాషలో తిట్లు కూడా.
తిట్లెందుకమ్మా అన్నా.
"తిట్లు లేని దేశాన్ని ఎవరు నమ్ముతారు?"

టీ చల్లారిందాకా చెప్పింది.
మాయకి వెల ఉండాలంట.
మంత్రమేసినోడు ఏదో ఒకటి పోగొట్టుకోవాలంట,
ఓ వేలో, తల్లి మొహం గుర్తో.
ఊరకే వచ్చిన మాయ తెర మీద తేలిపోద్దంట.
నా ఎడంచెయ్యి చూపించా.
వైర్ సా తెగిన రోజు పోయిన రెండు వేళ్ల చోటు.
దానికి బదులు నాకే మంత్రమొచ్చిందో
ఇద్దరం కాసేపు ఆలోచించాం.

ఇంకోటి కూడా చెప్పింది:
యుద్ధం పెద్దదయ్యే కొద్దీ
మోసేవాడు చిన్నోడు కావాలంట.
రాజులు కోట దగ్గర కొట్టుకుంటా ఉంటే
దీపం ఆరకుండా నడిచేది ఏ వంటోడో, గొర్రెలోడో.
ఇది మాత్రం నాకు నచ్చింది.

మా రాయి నల్లరాయి, లోపల బంగారు చుక్కలు.
ఓడలెక్కి దేశదేశాలు పోద్ది.
కెమెరాలో అబద్ధంలా కనపడతందని
దాని మీద బూడిదరంగు కొట్టించారు.
సింహాసనం మటుకు థర్మోకోలు.

బానిసలు తక్కువయ్యారని
ఓ రోజు నన్నూ కట్టారు ప్లాస్టిక్ గొలుసుకి.
కర్ర చివర పచ్చ బంతి ఎత్తి పట్టుకున్నాడొకడు.
అదే సర్పమంట. తల తాటిచెట్టంతంట.
దాన్నే చూసి భయపడాలంట.
అందరూ బంతిని చూసి అరిచారు.
నేను బంతిని చూళ్లా.
దాని ఎనకమాల గోడ చూశా.

తొంభై ఎనిమిది వానలకి నాని
బండ జారింది ఆడనించే.
కింద మా తమ్ముడు ఎంగయ్య అన్నం తింటన్నాడు.
క్యారేజీ మూత దొరికింది.

నోరు తెరుచుకుంది గాని అరుపు రాలా.
"ముసలాయన బాగా చేశాడు, ఇంకోసారి"
మైకులో అన్నారు.
ఇంకోసారి చేశా.
మొత్తం నాలుగుసార్లు.

ఏడాదిన్నరకి ఒంగోల్లో పడింది బొమ్మ.
మనవరాలు పెంచలిని తీసుకుపోయా.
గుంటని నేనే గుర్తుపట్టలా.
దాని మీద ఆకాశం మార్చేశారు,
ఇద్దరు చంద్రుళ్లని పెట్టారు.
గోడ చీలింది, పాము బయటికొచ్చింది.
ఒళ్లంతా నల్ల పొలుసులు,
పొలుసు పొలుసుకీ బంగారు చుక్కలు.
రాయికి వద్దన్నది దీనికి తొడిగారే!

హాలంతా ఈలలు.
పెంచలి నా ఎడంచెయ్యే పట్టుకుంది గట్టిగా.
"తాతా, నిజంగా ఉందా అది ఆడ?"
ఉంది అన్నా.
దీపం పట్టుకొచ్చిన చిన్నోడు
దాన్ని బాగానే చంపాడు,
పాతికేళ్లు ఆలస్యంగా.

నేనెక్కడున్నానో చూసుకోడం మర్చిపోయా.
పెంచలి చూసిందంట, రెండు సెకన్లు.

పంపులు ఆపినాక గుంటలో మళ్లీ నీళ్లూరినయ్.
కొట్టిన రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తంది.
సింహాసనం వదిలేసి పోయారు వాళ్లు.
నీళ్లు ఎక్కేకొద్దీ అదీ ఎక్కింది,
ఇప్పుడు నడిమధ్యన తేలతా, చిన్నగా తిరగతా ఉంది.
పొద్దున్నే ఓ కొంగొచ్చి
దాని మీద ఒంటికాలిన నిలబడుద్ది.
ఆ దేశం భాషలో కొంగనేమంటారో
లోహితనడగాలి.