నీడ ధర

సజా పారిశ్రామికవాడలో మా గోదాము.
నలభై ఒక్క బండ్లు, ఆరువందల పన్నెండు గుమ్మాలు,
ఇరవై లీటర్ల నీళ్ల సీసాలు.
ఏ బండి ఏ గుమ్మానికి, ఏది ముందు, ఏది వెనక
రాత్రి నేను సమీకరణాలు రాసి వదిలేస్తే
తెల్లారేసరికి యంత్రం తేల్చి పెడుతుంది.

కోరిక ఒక్కటే ఉండాలి, అదీ ఒక్క వరుసలో:
ఖర్చు తగ్గాలి.
తక్కినవన్నీ షరతులు.
బండి మోసే బరువు ఒక షరతు.
డ్రైవరు మెలకువ ఒక షరతు.
ధైద్‌లో స్కూలు గేటు పదింటికి మూసేయడం ఒక షరతు.
ప్రతి షరతుకీ యంత్రం ఓ వెల కడుతుంది,
దీన్ని ఒక్క పిసరు సడలిస్తే
నీకెంత మిగిలేదో చెబుతుంది.
పాఠంలో దాని పేరు నీడ ధర.
విశాఖలో, ఫ్యాను తిరగని హాల్లో,
ఐదు మార్కుల ప్రశ్న.
అప్పుడు నవ్వు రాలేదు.

జూలైలో ఇరవై ఏడో నంబరు బండి
పదిహేడో గుమ్మానికీ పద్దెనిమిదికీ మధ్య
రోజూ పదకొండు నిమిషాలు ఆగుతోంది.
మ్యాపులో అక్కడ ఏమీ లేదు. ఇసుక రంగు.
"దొంగ ఆగుడు," అన్నాడు మేనేజరు బిజోయ్, "తీసెయ్."

ఫోన్ చేశాను. కొక్కుల పోశెట్టి, మెట్‌పల్లి.
"జమ్మిచెట్టున్నది మేడం.
గీళ్లు గాఫ్ అంటరు గని, జమ్మే.
ఆకు నలిపి వాసన జూసిన.
దానికింద రెండు బుక్కలు తిని లేస్త.
బండ్ల కూసుంటే సద్ది సుత మళ్ల ఉడుకుతది.
మీ లెక్కల గంత జాగ లేదా?"

ఆ రాత్రి ఓ కొత్త కస్టమరుని పుట్టించాను.
నంబరు ఆరువందల పదమూడు.
పేరు, జమ్మి ట్రేడింగ్.
కావలసిన సీసాలు సున్న.
దింపడానికి పట్టే సమయం పదకొండు నిమిషాలు.
తలుపు తెరిచి ఉండేది పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా.
ఎవరని యంత్రం అడగలేదు.
దానికి మనిషైనా మానైనా రెండంకెల చోటు.
మొత్తం మీద నాలుగు దిర్హాముల ముప్పై ఫిల్సులు పెరిగింది.
పదకొండుతో భాగించాను.
నిమిషానికి ముప్పై తొమ్మిది.
ఇన్నేళ్లకి తెలిసింది, నీడ ధర.
ఆఫీసులో ఒక్కదాన్నే, గట్టిగానే నవ్వాను.

"ఈ జమ్మి ఎవరు?" అన్నాడు బిజోయ్.
"పాత పార్టీ," అన్నాను.

తొమ్మిది రోజులు బాగానే నడిచింది.
పదో రోజు మలీహా వైపు రెండు ఆర్డర్లు ఎక్కువొచ్చాయి.
యంత్రం రాత్రంతా విడదీసి కలిపి
ఆరువందల పదమూడుని తొమ్మిదో బండికి మార్చింది.
దిర్హాం పావలా ఆదా.
తప్పు దానిది కాదు.
ఈ చెట్టు ఫలానావాడిదని
నేనెక్కడా రాయలేదు.

ఒంటిగంటకి గుల్ జమాన్ ఫోను.
"మేడమ్‌జీ, అడ్రసు తప్పు. ఇక్కడ ఇల్లే లేదు.
చెట్టుంది. కొమ్మల్లో ఎవరో మూట దాచారు.
విప్పాను. చాప, గ్లాసు, ఉప్పు పొట్లం."

"చాప పరుచుకో," అన్నాను. "డెలివరీ నీకే."

చాలాసేపు అటు మాట లేదు.
తర్వాత ఇంజను ఆగిన చప్పుడు.

తెరమీద ఇరవై ఏడో నంబరు
ధైద్ రోడ్డు దాటి కదులుతూనే ఉంది,
ఎక్కడా ఆగకుండా,
సమయానికి సరిగ్గా,
ఆకుపచ్చ చుక్కై.