లైన్ ఫాల్ట్

గుంటూరు ట్రంకు ఎక్స్ఛేంజిలో
కిటికీ అద్దాలకి నల్లకాగితం మేమే అంటించాం, మైదా ఉడకబెట్టి.
ఆ డిసెంబరంతా లోపల ఒక్కటే బల్బు,
దానికీ అట్టముక్క టోపీ.
బోర్డు మీద దీపాలు మాత్రం
యుద్ధమని తెలియనట్టు వెలిగేవి.

రాత్రి పదిన్నరకి ఢిల్లీ లైట్నింగ్ కాల్.
ఇటు బ్రాడీపేట నుంచి జిల్లా అధ్యక్షులవారు,
అటు ఎంపీ గారు.
వినకూడదు. రూలుంది.
మాట అందుతోందో లేదో చూడాలి, దానికీ రూలుంది.
ఆ రెండు రూళ్ళ సందులో కూర్చునే
పదకొండేళ్ళు జీతం తీసుకున్నాను.

"ఢాకా ఎప్పటికి పడుద్దంటారు?"
"వారం. పడగానే ఎలక్షనే. లిస్టు తయారుగా ఉంచు."
"తెనాలి సీటు మనవాడికే ఉండాలండి."
"యుద్ధంలో సీటు గోలేంటయ్యా" అని నవ్వు.
నవ్వయ్యాక, "సరే, వాడి పేరే రాశా."
లెవీ ధాన్యం గురించి కాస్త.
రక్షణ నిధికి మిర్చి వ్యాపార్లిచ్చిన చెక్కు
ఎవరి చేతుల మీదుగా వెళ్ళాలో, అది చాలాసేపు.

"మూడు నిమిషాలైంది సార్, పొడిగించమంటారా?"
"ఆఁ, ఉంచమ్మా."

అప్పుడు అధ్యక్షులవారు గొంతు తగ్గించారు.
లైను మీద గొంతు తగ్గిస్తే నాకింకా బాగా వినపడుతుంది.
"మన జిల్లాకి మొదటి తంతి వచ్చిందండి.
యార్డులో ముఠా మేస్త్రీ ఏసోబు కొడుకు.
సోమవారం సభ దాకా ఆపించా.
మీరొచ్చి స్టేజీ మీద చెబితే..."
అటువైపు కాసేపు గరగర.
"సోమవారానికి బయల్దేరి వస్తాలే."

ఏసోబు.
మధ్యాహ్నం మూడింటి నుంచీ కింద బెంచీ మీద ఉన్నాడు,
సికింద్రాబాద్ రికార్డు ఆఫీసుకి ఆర్డినరీ కాల్.
అతని కండువాలో మిర్చి ఘాటు మెట్లెక్కి వచ్చి
మా అందరికీ తుమ్ములు.
రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగడానికి సిగ్గుపడ్డాడు.

ఉన్న మంచి లైను ఒక్కటే, బెజవాడ మీదుగా.
తీగ పీకాను.
"హలో? హలో? ఏమ్మా?"
"లైను పోయింది సార్."
రిజిస్టరులో ఎర్రసిరాతో ఫాల్ట్ అని రాసి
టైము వేసి, సుగుణ అని సంతకం పెట్టాను.

కింద బూతులో గంట మోగింది.
"సికింద్రాబాద్. మాట్లాడండి" అన్నాను.
చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళాడని
తర్వాత వాచ్‌మన్ చెప్పాడు.

నేను హెడ్‌సెట్ తీసి బల్ల మీద బోర్లించాను.
నా సర్వీసులో వినని కాల్ అదొక్కటే.
మూడు నిమిషాలయ్యాక అడగాలి కదా,
పొడిగించమంటారా అని.
అడగలేదు.